కొత్త చెయ్యకుండానే వంట నేర్పుతారా?

ఈ మధ్య మా కూటికి గిరాకీ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక ఇంకా పెరిగింది. సామలూ చోళ్లూ తింటారని మమ్మల్ని ఈసడించిన నోళ్లే ఇప్పుడు వాటిని షుగరుకు మందంటున్నాయి. అరకిలో సంచుల్లో పోసి, సంచి మీద తలలో ఈక పెట్టుకున్న బొమ్మ వేసి అమ్ముతున్నారు. (మా కొండల్లో తలలో ఈక పెట్టుకుని దుక్కి దున్నేవాణ్ణి మేమింతవరకూ చూడలేదు.) ఆగస్టు 9 వచ్చిందంటే మైదానంలో టెంట్లు వేసి 'గిరిజన వంటకాలు' అని బ్యానరు కడతారు. అదే రోజు వేదిక మీద ఆదివాసీ దినోత్సవం పేరు చెప్పి కేకు కోస్తారు. కేకు మీద మాకు కోపం లేదు. పిల్లలకు ఇష్టం, తిననివ్వండి. మా కోపం పక్క టెంటులో పంచిపెట్టే కాగితం మీద.

ఆ కాగితం మీద ఇలా ఉంటుంది: గిరిజనుల పండగ ఉదయపు అల్పాహారం. కావలసినవి, సామలు ఒక కప్పు, గుమ్మడి ముక్కలు అర కప్పు, నీళ్లు మూడు కప్పులు, ఉప్పు తగినంత. తయారుచేయు విధానం నాలుగు వరుసలు. నలుగురికి సరిపోతుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది మా వంట కాదు. దీన్ని ఏ రోజు వండాలో, ఏ రోజు దాకా వండకూడదో అందులో లేదు. ఆ మాట తీసేస్తే మిగిలేది ఉప్మా.

కొత్త అంటే తెలియని మైదానం పాఠకుల కోసం కొంచెం చెబుతాం, మనవాళ్లు ఈ పేరా దాటెయ్యొచ్చు. మా అల్లూరి జిల్లా కొండల్లో గానీ, పక్కన పార్వతీపురం మన్యంలో గానీ కొత్త పంటను ఎవరికి వారు కోసుకుని తినెయ్యరు. ముందు ఊరు 'కొత్త' చెయ్యాలి. మామిడి కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, కంది కొత్త. పెద్దలు కూర్చుంటారు, దిసారి రోజు చూస్తాడు, బారికి ఊరంతా తిరిగి చాటుతాడు. ఆ రోజు దాకా కాయ కళ్లెదుట వేలాడుతున్నా చెయ్యి వెయ్యరు. చేను ఎవరిదైనా సరే, చెట్టు ఎవరిదైనా సరే. మా వంట పొయ్యి దగ్గర మొదలవదు, ఆ కూర్చోవడం దగ్గర మొదలవుతుంది.

సామ కొత్త నాటి పొద్దున ఎలా ఉంటుందో చూడండి. ముందు రోజే ఇల్లు అలికి, పాత కుండలు పక్కన పెట్టి, కొత్త కుండ దింపుతారు. కోడి కూసిన దగ్గర్నుంచీ ఇంటింటా రోకలి చప్పుడే. సామ పొట్టు మొండిది, ఒక దంపుకు వదలదు. దంచి, చేటలో చెరిగి, మళ్లీ దంచి, మళ్లీ చెరగాలి. ఎసరు మరిగాక గింజ పోసి, సగం ఉడికాక గుమ్మడి ముక్కలు వేస్తారు. ఉప్పు తప్ప ఇంకేమీ పడదు. పక్కన నంజుకోవడానికి వలిసెల గుండ. వలిసెలు పెనం మీద చిటపటలాడేదాకా వేయించి ఎండు మిరప, ఉప్పుతో నూరింది. మొదటి ముద్ద అడ్డాకులో దేవుడికి. రెండోది ఇంటి పెద్దలకు, అంటే పోయినవాళ్లకు. తర్వాతే పిల్లలకు. ఆ పొద్దున పంట పోయిన ఇంటికి కూడా, దిక్కులేని ముసలమ్మ గుడిసెకు కూడా గుప్పెడు కొత్త గింజ చేరాలి. చేరకపోతే ఊరు కొత్త తిన్నట్టు కాదు.

ఇంటింటికీ తేడా లేదా అంటే ఉంది. ఒక ఇంట్లో గుమ్మడి, ఇంకో ఇంట్లో ఆనపకాయ. ఒక అత్త పచ్చి పసుపు కొమ్ము దంచి చిటికెడు వేస్తుంది, ఆమె కోడలు వెయ్యదు, తన పుట్టింట్లో వెయ్యరంటుంది. దాని మీద నవ్వులు, చిన్న చిన్న పోట్లాటలు. కుటుంబ వంటకం అని మీరంటారే, మాకు అది ఆ చిటికెడు పసుపు వరకే. మిగిలినదంతా ఊరి వంటకం. ఊరిది తీసుకెళ్లి ఒక చెఫ్ పేరు కింద అచ్చు వేస్తే, పైగా నలుగురికి సరిపోతుందని రాస్తే, మాకు మండదా? నలుగురికి సరిపెట్టే లెక్క ఆ కుండకు తెలియదు.

'రాయకపోతే పోతుంది కదా, మేలు చేస్తుంటే తిడతారేం' అని అడుగుతున్నారు. రాయండి. కానీ ఏది వదిలేసి రాస్తున్నారో తెలిసి రాయండి. మామిడి సంగతి చెబుతాం.

మామిడి కొత్త చైత్రంలో, ఇటుకల పండగ రోజుల్లో వస్తుంది. అంతవరకూ పిందె తెంపరు. తెంపితే దేవుడు కోప్పడతాడని పెద్దలు చెబుతారు. మేం బళ్లో పాఠం చెప్పేవాళ్లం కనుక దానికి ఇంకో మాట కలుపుతాం. పిందెలో టెంక ఉండదు. టెంక లేకపోతే లోపల జీడి ఉండదు. జీడి లేకపోతే ఆషాఢ శ్రావణాల్లో, పాత గింజ అయిపోయి కొత్త గింజ ఇంకా పొట్ట మీద ఉన్నప్పుడు, అంబలి లేదు. పండు తిన్నాక టెంకలు పారెయ్యం. ఎండబెట్టి, పగలగొట్టి, జీడి తీసి, దంచి, బుట్టలోనో గుడ్డలోనో కట్టి పారే గెడ్డలో పెడతారు. వగరూ చేదూ నీళ్లలో పోయేదాకా రోజుల తరబడి అక్కడే ఉండాలి. తర్వాత పిండి చేసి అంబలి కాస్తారు. మా తాతల కాలంలో వానాకాలం దాటించింది ఆ అంబలే. చైత్రంలో ఒక పొద్దున ఊరంతా కలిసి మామిడికాయ కొరకడానికీ, శ్రావణంలో ఆరని పొయ్యికీ ఉన్న చుట్టరికం ఇది. 'టెంక పిండి రెండు చెంచాలు' అని రాసినవాడికి ఈ చుట్టరికం కనబడుతుందా?

2001లో మాకు పొరుగునే, ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో, ఆదివాసులు టెంక జావ తాగి చనిపోయారని దేశమంతటా పత్రికలు రాశాయి. టెంకలు తినే జనమని జాలిపడ్డారు. టెంక విషం కాదు. కడగాల్సినన్నాళ్లు కడిగి, ఎండాల్సినంత ఎండబెట్టి, తడి తగలకుండా దాస్తే అది తిండి. తడిసి పాడైన టెంక తినాల్సి వచ్చిందంటే ఆ ఇంట్లో ఇంకో గింజ లేదని అర్థం. గింజ ఎందుకు లేదో అడగాల్సిన చోట వంటను దోషిగా నిలబెట్టారు. ఆకలి రోజుల్లో మా వంటకు ఆ పేరు పెట్టినవాళ్లు, ఇప్పుడు కడుపు నిండిన రోజుల్లో సూపర్ ఫుడ్ అని ఇంకో పేరు పెడుతున్నారు. రెండుసార్లూ మమ్మల్ని అడగలేదు.

ఇక బడి సంగతి. మేం రోజూ నిలబడేది అక్కడే. 2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. మంచి పని, కాదనం. కానీ ఆ జావ బెల్లం వేసిన తియ్యటి జావ. మా పిల్లలకు తెలిసింది చోడి అంబలి. పిండి రాత్రి నానబెట్టి, తెల్లారేసరికి పులిసి, నూకతో కలిపి కాచి, ఉప్పు వేసి, ఆనప బుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్లేది. గింజ ఒకటే, రుచి వేరు. తియ్యగా ఉందని గ్లాసు పక్కన పెట్టిన పిల్లను 'మీ ఇంట్లో తినేది ఇదే కదే, నీకేం నొప్పి' అని గద్దించిన అయ్యవారు మాకు తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు ఆ పులుపు తెలియదు, అంతే.

సంక్రాంతికి వారం పైగా సెలవులు. వాచకంలో అరిసెలు, గొబ్బెమ్మలు, భోగిమంట. మా పిల్లలు అరిసెల పాఠం చదివి, అరిసె ఎప్పుడూ వండని ఇంటికెళ్లి, అమ్మను అరిసెలడుగుతారు. పుష్యంలో వచ్చే కొత్త ఎప్పుడైనా ఆ సెలవుల్లో కలిసిందంటే అదృష్టం. భాద్రపదం, ఆశ్వయుజాల్లో వచ్చే కొర్ర కొత్తకు, సామ కొత్తకు ఆ అదృష్టం లేదు. ఆశ్రమ పాఠశాలలో ఉన్న పిల్ల కొత్త నాడు ఇంటికెళ్తే గైర్హాజరు. వెళ్లకపోతే ఇంకో చిక్కు: ఊరు కొత్త చెయ్యకముందే హాస్టల్ కూరలో చిక్కుడుకాయ వస్తుంది. కొత్త ముట్టని పిల్ల కూర తినదు, అన్నం చారుతో తిని లేస్తుంది. ఒక హాస్టల్లో అలా లేచిన పిల్లలను వరసగా నిలబెట్టి, తిండికి వంకలు పెడుతున్నారని రిజిస్టర్లో రాశారు. వంక కాదది. పదేళ్ల పిల్ల ఊరికిచ్చిన మాట నిలబెట్టుకుంటోంది. పెద్ద పెద్ద నీతికథలు చెప్పి మేం నేర్పాలనుకునేది అదే కదా!

ఈ సంగతి తెలిసిన టీచరు ఆ గదిలో ఉంటే రిజిస్టర్లో ఆ వాక్యం పడదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఉద్యోగాలు పోయాయని మనం బాధపడ్డాం, ధర్నాలు చేశాం. న్యాయమే. దాంతోపాటు ఏ పిల్ల కూర ఎందుకు వదిలేసిందో తెలిసిన మనిషి కూడా ఆ గదిలోంచి పోతాడని గట్టిగా చెప్పలేకపోయాం. ఇప్పుడైనా చెప్పాలి.

మనలో మనకు కూడా ఒక మాట. చదువుకున్న మన కుర్రాళ్లు కొందరు 'కొత్తలూ గిత్తలూ మూఢనమ్మకాలు, ఆకలేసినప్పుడు తినాలి' అంటున్నారు. బాబూ, ఫిబ్రవరిలోనే పచ్చడికాయకని వ్యాపారి వ్యాను కొండెక్కుతోంది. పూత మీదే అడ్వాన్సు ఇచ్చి, పిందె మీద కోసుకుపోతున్నాడు. కొత్త కాకుండా కాయ తెంపమని ఒక్క మాట మీద నిలబడ్డ ఊరు వాడితో బేరం ఆడగలదు. ఎవరికి వారు సంతకం పెట్టిన ఊరు ఆడలేదు. దీన్ని నువ్వు నమ్మకమనుకో, సంఘమనుకో, నీ ఇష్టం. మార్కెటింగ్ పాఠంలో దీనికి ఇంగ్లీషు పేరేదో ఉండే ఉంటుంది.

అమ్ముకోవడమే తప్పని మేం అనడం లేదు. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు తామే చేసి అమ్ముతున్నారు, ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ అందిస్తున్నారు. ఇప్పచెట్టు వాళ్లది, చెయ్యి వాళ్లది, డబ్బు వాళ్లది, తినే పిల్లలు వాళ్లవాళ్లు. అటువంటి వంటకు మేం చప్పట్లు కొడతాం. అరకు దారిలో బొంగులో చికెన్ అమ్మేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు, బతుకుతెరువు, కాదనం. అయితే గిన్నెలు మోయకుండా అడవిలో వండుకునే ఒక పద్ధతి ఇవాళ మా మొత్తం తిండికి బోర్డు అయిపోయింది. కొత్త నాడు మా ఇంటికొచ్చిన స్నేహితుడు సామ కూడు చూసి 'బొంగు చెయ్యలేదా' అని అడిగి వెళ్లాడు!

అందుకని అడిగేవి అడుగుతున్నాం. వంటల కాగితం అచ్చు వేసేవాళ్లు మొదటి వరుసలో పదార్థాలు కాదు, ఆ గింజకు కొత్త ఏ నెలలో చేస్తారో, ఏ ఊరివాళ్లు చెప్పారో రాయాలి. ఊరి పేరు పెట్టలేకపోతే ఆ వంట అచ్చు వెయ్యొద్దు. ఆశ్రమ పాఠశాల మెనూలో కొత్త కాని కాయ వచ్చిన రోజుల్లో పప్పు గానీ గుడ్డు గానీ వండొచ్చు, అదనంగా పైసా ఖర్చు కాదు. రాగిజావ ఇచ్చే మూడు రోజుల్లో ఒక రోజు పులిసిన చోడి అంబలి ఇవ్వొచ్చు, వంట చేసే అక్కలకు అది పుట్టుకతో వచ్చు. వాచకంలో అరిసెలు ఉండనివ్వండి, పక్క పేజీలో టెంక అంబలి పెట్టండి.

సెలవు మాత్రం అడుక్కునేది కాదు. 1996 నాటి పీసా చట్టం, సెక్షన్ 4(డి), ఊరి ఆచారాలనూ సంప్రదాయాలనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. స్థానిక సెలవులు ఇచ్చే వీలు ప్రధానోపాధ్యాయుడికి ఉంది. ఈ రెంటినీ కలిపేది ఒక్క కాగితం. దిసారి రోజు చెప్పగానే గ్రామసభ కూర్చుని, 'ఫలానా తేదీ మా ఊరి సామ కొత్త, ఆ రోజు పిల్లలు ఊళ్లో ఉండాలి' అని తీర్మానం రాసి, సంతకాలూ వేలిముద్రలూ వేయించి, ఒక ప్రతి బడికి, ఒక ప్రతి హాస్టల్‌కు, ఒక ప్రతి ఐటీడీఏకు ఇవ్వాలి. ముట్టినట్టు సంతకం తీసుకోవడం మరవొద్దు. రాయడం రాని ఊళ్లకు మేం వచ్చి రాసిపెడతాం. ఆ పొద్దున మాకో అడ్డాకు వేస్తే చాలు.