పులిది నైట్ షిఫ్టు

అమెరికా షిఫ్టు చేసినవాళ్ళకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. తెల్లారి ఇంటికొచ్చి పడుకున్నాక, పదకొండింటికి ఎవడో తలుపు దబదబా బాదితే ఎలా ఉంటుంది? లేచి నాలుగు తగిలించాలనిపిస్తుంది కదా! అలాంటి మనమే జూకి వెళ్ళి, పడుకున్న పులిని లేపడానికి ఈలలేస్తాం, చప్పట్లు కొడతాం. లేవకపోతే టికెట్ డబ్బులు దండగంటాం.

మొన్నామధ్య టేకుమట్ల నుంచి అమ్మా బాపూ, అక్కా పిల్లలూ వస్తే, ఒక ఆదివారం అందర్నీ హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుకి తీసుకెళ్ళాను. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల జూ, 1963 అక్టోబరు 6న తెరిచారు. మేం వెళ్ళేసరికి పులి చెట్టునీడన హాయిగా పడుకుని ఉంది. జనానికి మాత్రం కోపం. కంపెనీ టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు ఖాళీ బాటిల్‌తో రెయిలింగ్ మీద టకటకా కొడుతున్నాడు. బాపు కాసేపు చూసి, "అడివిల గిది కనవడితె నోరు మూస్కుంటం. ఈడ నడుమ కందకం ఉన్నదని ఒర్రుతున్నం. గిదేం దైర్నం బిడ్డా?" అన్నాడు. భూపాలపల్లి అడవుల పక్కన వ్యవసాయం చేసిన మనిషి మాట అది.

అసలు పులి వేట ఎక్కువగా రాత్రిళ్ళూ, పొద్దు పొడిచే వేళా, పొద్దు గూకే వేళా. పగలు పడుకోవడం దాని నైజం. అదే జూలో రాత్రి తిరిగే జంతువుల కోసం వేరే ఇల్లు కట్టి, పగలు చీకటి, రాత్రి వెలుతురు ఉండేట్టు ఏర్పాటు చేశారు. చూడాలంటే అలాంటి ఉపాయం ఆలోచించాలి గానీ, అరిస్తే ఎలా? పైగా జూలో జంతువుల్ని ఏడిపించినా, తిండి పెట్టినా, గోల చేసినా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె సెక్షను ఉన్నది ఇందుకే. జైలుశిక్ష కూడా పడొచ్చు.

"అంత జాలి ఉంటే జూలే మూసెయ్యొచ్చుగా?" అనేవాళ్ళూ ఉన్నారు. నేనొప్పుకోను. కుందేలంత ఉండే మూషిక జింకలు అడవుల్లో తగ్గిపోతుంటే, ఇదే జూలో సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి 2010లో వాటి సంతతి పెంచడం మొదలుపెట్టారు. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. మన టికెట్ డబ్బులకి నాకు కనిపించే అర్థం ఇదీ. అంతేగానీ పులి మన ముందు ఆడి చూపిస్తుందని కాదు.

ఈసారి వెళ్తే సోమవారం సెలవని గుర్తుపెట్టుకుని, పొద్దున్నే గేటు తియ్యగానే వెళ్ళండి. ఎండెక్కకముందైతే జంతువులు కాస్త అటూ ఇటూ తిరుగుతుంటాయి. పక్కవాడు రాయి విసిరినా, బాటిల్‌తో బాదినా "మనకెందుకులే" అనుకోకుండా మర్యాదగా ఒక్క మాట చెప్పండి. ఎందుకంటే మన చెయ్యి పట్టుకున్న పిల్లలు పులినే కాదు, మనల్నీ చూస్తుంటారు. ఆఫీసులో తప్పుడు కోడు కనిపిస్తే రివ్యూలో మొహమాటం లేకుండా చెప్తాం కదా, ఇక్కడ మాత్రం మొహమాటం దేనికి?