ఇంకో వారం ఎవరి కోసం?
పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాసిన్ని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే వాళ్లం మనం. రబ్బరు తోటల పనికి మలేషియాలోని కెడా వచ్చిన తెలుగువాళ్ల మనవలు మాత్రం సుంగై పెటానిలో పిల్లుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. పక్కింటి మలాయ్ వాళ్ల చలవే అనుకుంటాను. అలా పెంచుకున్న పిల్లులు ముసలివైతే తరచుగా వచ్చేది మూత్రపిండాల జబ్బు. ముదిరితే నయం కాదు. ఉపశమనానికి మాత్రం, మెడ వెనక వదులు చర్మాన్ని డేరాలా పైకెత్తి, సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం డాక్టరు దగ్గర చూసి ఇంట్లోనే చేయొచ్చు. అక్కడ చర్మం ఉబ్బుతుంది, నీరు కాసేపటికి ముందుకాలి వైపు జారుతుంది. దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది పనడాల్‌కి: ఆ పారాసిటమాల్‌ను పిల్లి కాలేయం అరిగించుకోలేదు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. జబ్బు ముదిరిన పిల్లి విషయంలో నా పేచీ అంతా ‘ఇంకో వారం చూద్దాం’ అనే మాటతోనే. పిల్లి మూలగదు, నొప్పిని దాచుకుంటుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన నొప్పి కొలమానం చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల చూడమంటుంది. చెవులు పక్కలకు తిరిగి, కళ్లు చికిలించి, తల భుజాల కిందకి దించిందంటే అది కునుకు కాదు. తిండి మానేసి అలా కూర్చున్నదానికి బాధ లేకుండా ప్రాణం తీసే చివరి సూది వేయించడం పాపమంటారు పెద్దలు. మన దిగులు తీరేదాకా దాన్ని అలాగే ఉంచడమే నాకు ఎక్కువ పాపంగా తోస్తుంది. సూదికి ముందు మత్తు ఇవ్వమని మాత్రం అడగండి.