మా హాలు గోడలో నా వాటా ఎంత?

పోయిన ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. చెప్పులు విప్పుతూనే హాల్లోకి తొంగి చూసి, "వదినా, ఇదేంటి? ఇంత చక్కటి హాల్లో ఈ క్లబ్బు వేషం?" అంది. టీవీ పక్కన గోడకి తగిలించిన డార్ట్ బోర్డు గురించే ఆ మాట. నవ్వేసి కాఫీ కలపడానికి వెళ్లాను గానీ, మాట మాత్రం మనసులోంచి పోలేదు.

ఆ గోడ మీద ఏమేం ఉన్నాయో ఒకసారి లెక్క పెట్టాను. మా ఆయన క్రికెట్ చూసే టీవీ. మామయ్యగారి ఫోటో, దానికో దండ. గడియారం. చీరల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు. వీటిలో దేన్నీ ఎవరూ వేషం అనరు. ఇరవై ఏళ్లుగా ఆ గోడతో నాకున్న సంబంధం దుమ్ము దులిపే గుడ్డ ఒక్కటే. నాకోసం ఒక్క మేకు కొట్టేసరికి హాలు పాడైపోయిందా?

మన ఆడవాళ్లకి ఇంట్లో ఆట కొత్తేమీ కాదండీ. మా అమ్మమ్మగారి ఊళ్లో అరుగు బండ మీద అష్టాచెమ్మా గళ్లు ఉలితో చెక్కి ఉండేవి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మమ్మా, ఇరుగుపొరుగు వాళ్లూ ఒకవైపు అరగదీసిన చింతగింజలతో పందేలు వేసుకునేవాళ్లు. "మంచి అరుగు పాడుచేశారు" అని ఎవరూ అనలేదు. ఇప్పుడు మన అశోక్ నగర్ ఫ్లాట్లలో అరుగు లేదు. ఉన్న కాస్త నేలనీ సోఫా, టీపాయ్ మింగేశాయి. కింద కూర్చుంటే లేవడానికి మన మోకాళ్లూ ఒప్పుకోవు. ఇక మిగిలింది గోడే.

కోఠి మహిళా కళాశాలలో బీఏ తెలుగు చదివేటప్పుడు నేను టెన్నికాయిట్ బాగా ఆడేదాన్ని. పెళ్లయ్యాక ఆ రింగు ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఈ బోర్డు నాకోసం కొన్నది కాదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయినేడాది పెద్దమనిషి అయ్యాక, సెల్లార్‌లో మగపిల్లలతో బ్యాటింగ్ మాన్పించాం. మాన్పించింది ఎవరో కాదు, నేనే. మర్నాడు కోఠి వెళ్లి ఈ బోర్డు కొనుక్కొచ్చాను. సూటిగా చెప్పాలంటే అది లంచం. పిల్ల తీసుకుంది, పది రోజులు ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనే విసిరి చూశాను. గంట ఎలా గడిచిందో తెలీలేదు. నాలో ఆట ఇంకా బతికే ఉందని తెలిశాక, దానిలోని ఆటని ఏ మొహంతో ఆపను? ఇప్పుడు అది సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా కిందే ఉంటుంది. పక్క ఫ్లాట్ల వాళ్లు గొణుగుతూనే ఉన్నారు. రాత్రి మాత్రం ఇద్దరం 501 ఆడతాం. అంటే 501 నుంచి తీసివేసుకుంటూ సరిగ్గా సున్నాకి రావాలి, చివరి బాణం డబుల్‌లో పడాలి. 20కి అటూ ఇటూ 5, 1 ఉంటాయి. ఆశపడి కాస్త గురి తప్పితే చేతికొచ్చేది చిల్లరే.

"లెక్కలు వస్తాయిలే" అని సమర్థించేవాళ్లున్నారు. వీధికో కోచింగ్ సెంటరు, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి బ్యాగులు మోసుకెళ్లే పిల్లలు ఉన్న చోట, ఆటక్కూడా మార్కుల సాకు కావాలి మరి. నాకు ఆ సాకు వద్దు. ఆడటం బాగుంటుంది కాబట్టి ఆడుతున్నాం. ఆ కారణం చాలు.

ప్రమాదం అంటారా? చిన్నపిల్లలుంటే ఇనప మొన బాణాలు వద్దు. అయస్కాంతం బాణాలైతే అయస్కాంతం ఊడిందేమో రోజూ చూసుకోండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి తెస్తాయి. తలుపుకి తగిలించే బాస్కెట్ రింగు, స్పాంజి బంతి అయితే మేకు కూడా అక్కర్లేదు, కిందింటి వాళ్లకి చప్పుడూ ఉండదు. డార్ట్ బోర్డుకి కొలతలున్నాయి. నడిమి చుక్క నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తులో, విసిరే గీత బోర్డుకి 7 అడుగుల 9 అంగుళాల పైచిలుకు దూరంలో ఉండాలి. మా హాల్లో ఆ గీత సరిగ్గా సోఫా ముందుకొచ్చింది. టీపాయ్‌ని బాల్కనీలోకి తోసేశాను.

దాన్ని పిల్లల గదిలో తలుపు వెనక పెట్టమని సలహాలిస్తారు, వినకండి. హాలు గోడ మీద ఏముందో చూస్తే ఆ ఇంట్లో ఎవరికి చోటుందో తెలిసిపోతుంది. అందుకే మీ ఆట కూడా అక్కడే కనబడాలి.

ఈ వారం మీ హాలు గోడకేసి ఒకసారి చూడండి. అందులో మీదంటూ ఏదీ లేకపోతే ఒక మేకు కొట్టండి. ఎవర్నీ అడక్కండి, అద్దిల్లయితే ఓనర్ గారిని తప్ప.