రిపోర్టులో కనిపించని నొప్పి

“ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు” అనే మాట తెలుగునాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. చిన్న మాటే అయినా దాని వెనుక వేల సంవత్సరాల తాత్విక చర్చ ఉంది. మనస్సు, శరీరం రెండు వేర్వేరు వస్తువులా? వేరైతే, కంటికి కనిపించని మనస్సు ఎముకలూ కండరాలూ గల దేహాన్ని ఎలా కదిలిస్తుంది? ఒకటే అయితే, మరణానంతరం మిగిలేదేమిటి? ఇది పండితుల వ్యవహారమని పాఠకులు అనుకోవచ్చు. కానీ మా కంచరపాలెంలో ఈ ప్రశ్న తరచుగా ఏదో ఒక ఇంటి గుమ్మంలో నిలబడుతూనే ఉంటుంది.

రైలు పట్టాలనూ, పోర్టునూ, ఉక్కు కర్మాగారాన్నీ, పారిశ్రామికవాడనూ నమ్ముకుని బ్రతికే కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి గుండె పట్టేసినట్లుందంటాడు. పెండ్లి అప్పుల దిగులులో ఉన్న తల్లి చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటుంది. ఆసుపత్రిలో ఈసీజీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చేస్తారు. రిపోర్టులో ఏమీ లేదంటారు. ఆ క్షణం నుండి ఇంట్లో తీర్పులు మొదలవుతాయి. “నాటకం” అంటారు ఒకరు. “నజర్ తగిలింది, ఎవరో ఏదో చేయించారు” అంటారు మరొకరు. “ఈమాన్ బలంగా ఉంటే ఇలా అవుతుందా?” అంటారు ఇంకొకరు. చివరికి రోగిని మదర్సాకు తీసుకువచ్చి దుఆ చదవమని కోరుతారు. దుఆ తప్పక చదువుతాము. అయితే ఆ మూడు తీర్పులలో ఏ ఒక్కటైనా న్యాయమైనదేనా అన్నది ఈ నెల మనం ఆలోచించవలసిన విషయం.

వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా (980–1037) ఒక ఊహను ప్రతిపాదించాడు. ఒక మనిషి ఒక్కసారిగా పరిపూర్ణంగా సృష్టించబడి శూన్యంలో తేలుతున్నాడనుకోండి. కళ్ళకు ఏమీ కనిపించదు. చెవికి ఏమీ వినిపించదు. అవయవాలు ఒకదానికొకటి తగలవు. తనకు చేతులున్నాయో, గుండె ఉందో అతనికి తెలియదు. అయినా తాను ఉన్నాడని మాత్రం అతనికి తెలుస్తుంది. కనుక మనిషిలోని ‘నేను’, అంటే నఫ్స్, దేహం కంటే భిన్నమైనదని ఇబ్నె సీనా సూచించాడు.

ఇంతటితో ఆగితే ఆయన తత్వవేత్త మాత్రమే అయ్యేవాడు. ఆయన వైద్యుడు కూడా. నేలమీద పరచిన పలకపై సునాయాసంగా నడిచే మనిషి, అదే పలకను లోయపై వంతెనగా వేస్తే తడబడి పడిపోతాడని ఆయన గుర్తు చేశాడు. పలక మారలేదు, కాళ్ళు మారలేదు. పడిపోతాననే తలంపు కాళ్ళ వరకు దిగింది, అంతే. ఎత్తైన కట్టడాలపై పనిచేసే మన సోదరులకు ఈ ఉదాహరణను విడమరచి చెప్పనవసరం లేదు. ప్రేమవ్యాధితో కృశించినవాని నాడి పట్టుకుని పేర్లు వరుసగా పలుకుతూ పోతే, అసలు పేరు రాగానే నాడి గతి మారుతుందని కూడా తన వైద్య గ్రంథంలో వ్రాశాడు. మనస్సు దాచిన సంగతిని మణికట్టు బయటపెడుతుందన్న మాట!

ఆయన తర్వాత సుమారు ఆరు వందల ఏళ్ళకు ఫ్రాన్సు దేశీయుడు డెకార్ట్ కూడా మనస్సు వేరు, శరీరం వేరు అని వాదించాడు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు లేఖ వ్రాస్తూ, భౌతికం కాని ఆత్మ భౌతికమైన దేహాన్ని ఎలా కదిలించగలదని ప్రశ్నించింది. ఆమెను తృప్తిపరచే సమాధానం ఆయన ఇవ్వలేకపోయాడు.

మన విశాఖపట్నంలోనూ ఈ అన్వేషణ సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగానికి పునాది వేసిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932–2021) జీవితమంతా ఈ ప్రశ్నతోనే గడిపారు. పరామనస్తత్వ పరిశోధనలను శాస్త్రవేత్తలలో చాలామంది అంగీకరించలేదు. అది వేరే చర్చ. దేహం, మనస్సు, చైతన్యం అని మూడింటినీ విడివిడిగా గుర్తించాలనీ, మనస్సు తక్కిన రెండింటి నడుమ నిలిచి ఉంటుందనీ భారతీయ దర్శనాల ఆధారంగా ఆయన ప్రతిపాదించారు. మార్గం వేరైనా, మనస్సును ఒట్టి మెదడుగా కుదించరాదన్న ఆయన పట్టుదల ఆలోచించదగినది.

ఇక మన గ్రంథం విషయానికి వస్తే, రూహ్ గురించి అడిగినవారికి అది ప్రభువు ఆజ్ఞకు సంబంధించినదనీ, మానవులకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమనీ బనీ ఇస్రాయీల్ సూరా తెలియజేస్తుంది. అంటే రూహ్ స్వరూపంపై మన ఊహలకు ఒక హద్దు గీయబడింది. కానీ దుఃఖం దేహాన్ని ఏం చేస్తుందో చూపించడంలో ఖుర్ఆన్ ఏ సంకోచమూ చూపలేదు. యూసుఫ్ సూరాలో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో కుమిలిపోగా ఆయన కళ్ళు తెల్లబారాయి. చక్కని సహనానికి ఉదాహరణగా మనం చెప్పుకునే ప్రవక్త ఆయన! ఆయన ఈమాన్‌ను శంకించే సాహసం ఎవరు చేయగలరు? విలపించి తన గోడును అల్లాహ్‌కే విన్నవించుకున్నారు. ఆ దుఃఖం కంటిచూపును హరించింది. యూసుఫ్ చొక్కా ముఖంపై వేయగానే చూపు తిరిగివచ్చింది. కనుక దుఃఖంతో దేహం జబ్బుపడడం విశ్వాసలోపమని చెప్పేవారు ఈ సూరాను మరొక్కసారి చదువుకోవాలి.

మదర్సా బోధకులమైన మాకు ఇమామ్ గజాలీ ఉదంతం మరింత దగ్గరిది. 1095 నాటికి ఆయన బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో అగ్రశ్రేణి గురువు. పేరుప్రతిష్ఠల కోసం బోధిస్తున్నానా, అల్లాహ్ కోసమా అన్న అంతర్మథనం ఆయనను నెలల తరబడి వేధించింది. చివరికి పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. అన్నం, నీళ్ళు గొంతు దిగలేదు. వైద్యులు పరీక్షించి, ఇది హృదయంలో పుట్టి శరీరానికి పాకిన వ్యాధి అనీ, హృదయంలోని వేదన తొలగితే తప్ప మందు పనిచేయదనీ తేల్చారు. ఆయన తన ఆత్మకథలో ఈ సంగతిని దాచకుండా వ్రాశారు. ఆ వైద్యులు “మీకేమీ లేదు” అని పంపివేయలేదన్నది గమనించండి.

మనకు మరీ సమీపంలోని ఉదాహరణ 2020 మే 7 తెల్లవారుజాము. రమజాను నెల, సహరీ వేళ. మనకు పశ్చిమాన ఆర్.ఆర్. వెంకటాపురంలోని రసాయన కర్మాగారం నుండి స్టైరీన్ విషవాయువు వెలువడింది. పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. గాలి శుభ్రపడిన చాలాకాలం తర్వాత కూడా రాత్రివేళ ఏ ఘాటైన వాసన వచ్చినా గుండె దడదడలాడుతుందనీ, ఊపిరి అందదనీ చెప్పినవారు మాకు తెలుసు. గాలిలో విషం లేదు, నిజమే. కానీ ఆ దడ నిజం, ఆ చెమట నిజం. ఆ రాత్రిని దేహం కూడా గుర్తుంచుకుంది.

ఈ దారి రెండువైపులా తెరిచి ఉంటుంది. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమనీ, అప్పటికీ తగ్గకపోతే పడుకోమనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. దేహాన్ని వాల్చితే మనస్సు చల్లబడుతుందన్న మాట. దుఃఖంలో ఉన్న ఇంట తల్బీనా, అంటే యవలపిండితో కాచిన జావ, హృదయానికి ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ఉల్లేఖించారు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడిపే యువ సహచరునికి, నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉందని ప్రవక్త (స) గుర్తు చేశారు. తొమ్మిదవ, పదవ శతాబ్దాల నాటి అబూ జైద్ బల్ఖీ దేహానికీ మనస్సుకూ కలిపి ఒకే ఆరోగ్య గ్రంథం వ్రాశాడు. ఇంట్లో మందులు నిలవ ఉంచుకున్నట్లే, ప్రశాంతంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకుని కష్టకాలంలో వాడుకోవాలని అందులో సలహా ఇచ్చాడు.

కాబట్టి కుటుంబ పెద్దలకు మా మనవి ఇది. గుండెనొప్పి, తిమ్మిరి, ఊపిరి అందకపోవడం వంటివి వస్తే ముందు వైద్యునికి చూపించండి. పరీక్షలు చేయించకుండా “మనసు జబ్బే” అని తేల్చివేయడం కూడా ప్రమాదమే. పరీక్షలలో ఏమీ తేలకపోతే, ఆ నొప్పికి కారణం మరోచోట ఉందని గ్రహించండి. తావీజుల పేరిట వేలు గుంజేవారి చుట్టూ తిరగకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని మెట్లెక్కడం అవమానం కాదు. బయలుదేరడానికి బిడియంగా ఉంటే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత సేవ. చికిత్స చేయించుకోమన్నది కూడా ప్రవక్త (స) బోధే. దుఆ, మందు ఒకదానికొకటి పోటీ కావు.

అన్నిటికంటే ముందు, కోడలు గానీ తండ్రి గానీ “నొప్పిగా ఉంది” అన్నప్పుడు నమ్మండి. ఎప్పటి నుండి, ఏం జరిగిన తర్వాత అని కూర్చుని అడగండి. మనస్సు దేహాన్ని ఏ తీగతో పట్టుకుని ఉందో తత్వవేత్తలు ఇంకా తేల్చలేదు. ఆ తీగ తెగకుండా చూసుకోవడం మాత్రం ఇంట్లోవారి చేతిలో ఉంది. దేహమూ మనస్సూ రెండూ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతులే. వాటిని కాపాడుకునే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.