తోడులేని యాత్ర: మారిషస్ ద్వీపము

“మగతోడు లేక, దారి చూపువాడు లేక, ఆడువారు పరదేశమున కొండలును కోనలును తిరుగుట సాధ్యమా?” యని మా సోదరీమణులు కొందఱు వెనుకటి యాత్రావ్యాసములను చదివి వ్రాసియున్నారు. సాధ్యాసాధ్యములను గూర్చి వాదించుటకంటె జరిగినదానిని చెప్పుట మేలని తలచి, గత ఆషాఢమున చేసిన మారిషస్ యాత్రను ఈ మాసము వివరించుచున్నాము. మేము ముగ్గురము: తోడికోడండ్ర మిద్దఱము, మా యాడుబిడ్డ. అందఱిలో పెద్దయామెకు ఏబదియెనిమిదేండ్లు. ఏ యాత్రాసంఘమునకును సొమ్ము కట్టలేదు. బస్సులలోను, అద్దెబండ్లలోను, కాలినడకను తొమ్మిది దినములు తిరిగితిమి. ఇంటిలో అనుమతి దొరకుటకు మాత్రము మూడు నెలలు పట్టెను.

ద్వీపము చిన్నది. ఉత్తర దక్షిణములుగా సుమారు 65 కిలోమీటరులు, తూర్పు పడమరలుగా 45 కిలోమీటరులు. అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన ద్రవశిల చల్లాఱి యేర్పడిన నేల యిది. చుట్టును పగడపుదిబ్బలు గోడవలె నుండుటచే పెక్కుచోట్ల తీరమున కెరటములు మెత్తబడి వచ్చును. దక్షిణార్ధగోళమగుటచే మనకు వేసవియైనపుడు వారికి చలికాలము. నడకకు మే మొదలు నవంబరు వఱకు అనుకూలము. జనవరి మొదలు మార్చి వఱకు గాలివానల భయము కలదు. ఆ చలికాలపు మధ్యాహ్నమున సూర్యు డుత్తరమున నుండుట చూచి మా యాడుబిడ్డ రెండు దినములు దిక్కులు సరిచూచుకొనుచునే యుండెను.

నడకలలో మాకు మిక్కిలి నచ్చినది నల్లయేటి లోయలలోని మకాబే త్రోవ. ఈ యడవిని 1994లో జాతీయవనముగా నేర్పఱచిరి. వైశాల్యము పదునాఱువేల యెకరములకు పైబడియున్నది. పీఠభూమిమీది పెట్రిన్ అనుచోట బండి దిగి నడక మొదలిడితిమి. మొదట త్రోవ వెడల్పుగా, సమముగా సాగును. ఇరువైపుల చీనాజామ పొదలు దట్టముగా క్రమ్ముకొని యున్నవి. ఎఱ్ఱని చిన్నపండ్లు పులుపు తీపి కలసి యుండును. అచ్చటి కుటుంబములు బుట్టలతో వచ్చి కోసికొనిపోవుచుండుట చూచితిమి. కాని యీ మొక్క బ్రెజిలు దేశమునుండి వచ్చినది. ఇది యల్లుకొన్నచోట అచ్చటి స్వంతవృక్షముల పిల్లమొక్కలు లేవజాలవు. అందుచే వనపాలకులు కొన్ని యెకరములకు కంచెవైచి, దీనిని పెఱికివైచి, స్వదేశవృక్షములను కాపాడుచున్నారు. తినుటకు తీయనిది ఇంటికి మేలుచేయునని చెప్పజాలము గదా!

లోయ కనబడుచోటికి చేరునప్పటికి పదియున్నర యయ్యెను. అగాధమైన యాకుపచ్చని లోయ, దూరమున పడమటి సముద్రము, నడుమ పొడుగుతోక గల తెల్లని సముద్రపక్షులు గిఱ్ఱున తిరుగుచుండెను. ఇచ్చటి చిన్నడేగ జాతి 1974లో నాలుగు పక్షులకు దిగిపోయెనట. గులాబిరంగు పావురములు 1990 ప్రాంతమున పదింటికి మించి లేవట. గ్రుడ్లు పొదిగించి, పిల్లలను పెంచి, మరల నడవిలో విడిచి, ఆ జాతులను నిలబెట్టిరి. డోడో పక్షి పదునేడవ శతాబ్దమున నంతరించిన ద్వీపమున ఈ పని జరుగుట మాకు సంతోషము కలిగించెను.

అక్కడనుండి త్రోవ నిలువుగా దిగును. మేము చూచుచుండగనే మబ్బు క్రమ్మి లోయ మాయమయ్యెను, చినుకులు మొదలయ్యెను. “ఇంత దూరము వచ్చి వెనుకకా, వదినా? క్రిందికి దిగినచో బస్సే దొరకును!” అని మా యాడుబిడ్డ పట్టుపట్టెను. చేతిఫోనులోని పటము త్రోవను చూపునే కాని, ఎఱ్ఱని బురదలో కాలు జాఱకుండ పట్టుకొనదు. నడకకు ముందే మేము నియమ మొకటి పెట్టుకొంటిమి: ముగ్గురిలో నొక్కరు వద్దన్నను దిగరాదు. మా తోడికోడలు వద్దనెను. వెనుదిరిగితిమి. ఆ సాయంకాలము బసలో మాటలు కొంచెము తక్కువగా నడచినవి. ఒకదినము విడిచి, ఎండ కాసిన యుదయమున మరల వచ్చి దిగితిమి. మోకాళ్ళు వణకినవి, మనస్సు మాత్రము నిశ్చింతగా నుండెను. దారిచూపువాడు లేని యాత్రలో వెనుదిరుగు నధికార మెవరిదో ఇంటికడనే తేల్చుకొనుట మంచిది.

నైరృతి మూలనున్న లెమార్న్ కొండ 556 మీటరుల యెత్తు. బానిసలు పాఱిపోయి వచ్చి దీని గుహలలో దాగియుండిరి. 1835లో బానిసత్వము రద్దయినదని చెప్పుటకు వచ్చిన సిపాయిలను చూచి, తమ్ము పట్టుకొనుటకే వచ్చిరని భయపడి, వారు కొండమీదినుండి దుమికిరని జనులు చెప్పుకొందురు. 2008లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. సగము దూరము బండిబాటవలె సులువు. పిదప చేతులతో రాళ్ళు పట్టుకొని యెక్కవలెను. మేము సులువైన భాగముతో తృప్తిపడితిమి. చామరెల్‌లోని సప్తవర్ణముల నేల చూడదగినదే, కాని యరగంట చాలును.

పాంప్లెమూస్ తోటలో పళ్ళెములవంటి తామరాకులకడ జనులు మూగియుండిరి. మేము మాత్రము శ్రీతాళవృక్షమును వెదకితిమి. అనేక దశాబ్దములు బ్రతికి, ఒక్కసారి పూచి, కాచి, చచ్చిపోవు చెట్టిది. పూర్వము గ్రంథములు వ్రాయుటకు దీని యాకులే గదా వాడిరి!

పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసి ఘట్టము కలదు. 1834 మొదలు 1920 వఱకు సుమారు నాలుగున్నర లక్షల కూలీలు ఒడంబడికపై చెఱకుతోటలకు వచ్చిరి. వారిలో గోదావరీ ముఖమునందలి కోరంగి రేవున ఓడ యెక్కిన మనవారును కలరు. అందుచే తెలుగువారికి అచ్చట “కోరంగీలు” అని పేరు వచ్చెను. స్త్రీలు పురుషులకంటె చాల తక్కువ. ఒక్కొక్కరికి సంఖ్య నిచ్చి, ఊరు, వయస్సు, తండ్రి పేరు పుస్తకములలో వ్రాసిరి. ఆ పుస్తకములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నున్నవి. వంశజులు నేటికిని పోయి తమ పెద్దల ఊళ్ళను వెదకికొందురు. మగతోడును గూర్చి మూడు నెలలు మాట్లాడిన మేము ఆ మెట్లయెదుట కొంతసేపు మాటాడలేదు.

బస్సులో పరిచయమైన యొక పిల్ల మమ్ము తన యింటికి తీసికొనిపోయెను. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినము. రామభజనలు, అమ్మోరు పండుగ, సింహాద్రి యప్పన్న పూజ జరుగుచున్నవి. ఇంటిలో మాట క్రియోలు. “మా నాయనమ్మకు పాటలు వచ్చును, మాటలు రావు,” అని ఆ పిల్ల బడిలో నేర్చిన తెలుగులో చెప్పెను. అవ్వ భజన యొకటి చక్కగా పాడెను. అర్థ మేమని మనుమరాలినే యడిగెను! పిదప ఆకుకూర చాఱు పోసి “మురూమ్” అనెను. చూతుముగదా, మునగాకు.

తిండికి లోటు లేదు. వీథిలో రెండేసి చొప్పున చుట్టి యిచ్చు దాల్‌పూరీ, బెల్లము లేని బొబ్బట్టని చెప్పదగును. లోపల పసుపుపచ్చని పప్పుపొడి, పైన చిక్కుడుగింజల కూర, టమాటా పులుసు, కొత్తిమీర పచ్చడి. పప్పు నానవైచి రుబ్బిన మిరపవడలను రొట్టెలో పెట్టి ప్రొద్దుట తిందురు. సబ్జాగింజలు వేసిన చల్లని పాలను “అలూదా” యందురు. శాకాహారులు కోడిగ్రుడ్డు, చేప లేవుగదా యని ముందుగా అడిగి తీసికొనవలెను. ఆ పూరీ చిరగకుండ ఒత్తు విధమును అవ్వ మాకు చూపినది. సోదరీమణులు కోరినచో దానిని వచ్చుమాసమున వంటల పుటలో వ్రాయుదుము.