పేరు వాళ్లు కాపాడుకున్నారు, మరి మనం?

నేను మందు ముట్టను. అయినా ఇవాళ ఒక ఇటలీ వైను గురించి రాస్తున్నాను. చివరిదాకా చదవండి, మన మామిడి కథే ఇది.

ఆ వైను పేరు ప్రొసెక్కో. మూత తీస్తే సోడాలా పొంగుతుంది. ద్రాక్షరసం ఒకసారి పులిశాక, మూసేసిన పెద్ద స్టీలు ట్యాంకుల్లో రెండోసారి పులియబెడతారు. గ్యాసు బయటికి పోకుండా అందులోనే ఉండిపోతుంది. గ్యాసు బాగా ఉంటే స్పుమాంటే, కొంచెం ఉంటే ఫ్రిజాంటే, అసలు లేకపోతే ట్రాంక్విల్లో అంటారు. తీపిని బట్టి మళ్లీ రకాలు. లీటరుకు చక్కెర 12 గ్రాముల లోపు ఉంటే బ్రూట్, 12 నుంచి 17 అయితే ఎక్స్‌ట్రా డ్రై, 17 నుంచి 32 అయితే డ్రై. డ్రై అన్నదే ఎక్కువ తీపి, విచిత్రం!

అసలు ప్రొసెక్కో అనేది ట్రియెస్టె దగ్గర ఒక ఊరు. ఆ పేరే ద్రాక్ష రకానికీ వచ్చింది, బనగానపల్లె పేరు మామిడికి వచ్చినట్టే. రకం పేరైతే ఎవరైనా ఎక్కడైనా నాటి అదే పేరుతో అమ్ముకుంటారు. అందుకే 2009లో ద్రాక్ష రకాన్ని గ్లెరా అని పిలవడం మొదలుపెట్టి, ప్రొసెక్కోను ప్రాంతం పేరుగా ఖాయం చేశారు. ఆస్ట్రేలియాలో మాత్రం అది రకం పేరేనని వాడుతూ వచ్చారు, దాని మీద తగువు నడిచింది.

ఊరికే పేరు పెట్టుకుని కూర్చోలేదు వాళ్లు. మామూలు ప్రొసెక్కోకు హెక్టారుకు 18 టన్నులు దాటకూడదు. కొనెల్యానో, వాల్దొబ్బియాదెనె కొండల్లో 13.5 టన్నులే. కార్టిజ్జె అనే చిన్న గుట్ట మీద 12. దిగుబడి తక్కువ, ధర ఎక్కువ.

మన బనగానపల్లె మామిడికీ 2017లో జీఐ వచ్చింది. పోయిన సీజన్లో నా మూడెకరాల కాయ మండీకి తోలితే ఎక్కడి కాయ అని ఒక్కరూ అడగలేదు. అన్ని కాయలతో పాటే కుప్ప పోశారు, అదే రేటు కట్టారు.

తప్పంతా దళారిది అనను. ముందు రేటు దొరుకుతుందని పక్వానికి రాని కాయ కోసేది మనమే. నేనూ కోశాను. తిన్నవాడు పుల్లగా ఉందని తిట్టేది మన పేరునే కదా.

కాగితం రేటు తేదు, కట్టుబాటు తెస్తుంది. ఊరికి పదిమంది కలిసి ఫలానా తేదీకి ముందు కోయం అని మాట అనుకుని, పెట్టె మీద ఊరి పేరు వేసి పంపితే ఎట్లుంటుంది? మీ ఊర్లో జీఐలో పేరు నమోదు చేయించుకున్నవాళ్లు ఉన్నారా? ఉంటే రేటు ఏమన్నా తేడా వచ్చిందా? కింద రాయండి.