కౌంటరు వెనక కరుణ

ఈ మధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన ఒక చిన్న సాహిత్య గోష్ఠిలో ఒక యువ అధ్యాపక మిత్రుడు ప్రసంగించాడు. రచయితకు ఆదర్శం ఎవరు అని ప్రశ్న వేసుకుని, బార్‌టెండరు అని తానే జవాబు చెప్పాడు. సభలో కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. నేను ఆ రెండూ చేయలేదు. ఆయన మాటను సీరియస్‌గా తీసుకోవాలని నా ఉద్దేశం. ఎందుకంటే ఆ మాట ఆయన ఒక్కడిది కాదు. సాహిత్యం పని ఓదార్చడమేనని, కారణాలు వెతకడం కరపత్రాల పని అని నేడు మన విద్యార్థుల్లో చాలామంది నమ్ముతున్నారు. ఈ పాత వాదమే ఇప్పుడు కొత్త గ్లాసులో పోసుకుని వచ్చింది.

ముందు మిత్రుడి వాదాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయన ఆధారం చేసుకున్నది "బార్‌టెండర్" అనే జపాను బొమ్మల కథ. జో అరాకి రచన, కెంజి నగతొమొ బొమ్మలు. 2004 నుంచి పత్రికలో ధారావాహికగా వచ్చింది. 2006లోనూ, మళ్ళీ 2024లోనూ టెలివిజన్ బొమ్మల చిత్రంగా వచ్చింది. మన హాస్టళ్ళ కుర్రవాళ్ళు దాన్ని సెల్‌ఫోన్లలో చూస్తున్నారు. కథానాయకుడు ససకురా ర్యూ. టోక్యోలోని గింజా అనే సంపన్నుల పేటలో ఒక చిన్న బారులో పనిచేస్తాడు. రోజుకొకరు బరువెక్కిన మనసుతో వచ్చి అతని ముందు కూర్చుంటారు. అతడు తొందరపడడు, ఉపదేశం చెయ్యడు. వచ్చినవాడి మాటను, మౌనాన్ని, చేతివేళ్ళను గమనిస్తాడు. ఆ మనిషికి, ఆ రాత్రికి తగిన పానీయాన్ని కలిపి ముందు పెడతాడు. వచ్చినవాడు తేలికపడి వెళ్ళిపోతాడు. మందులిచ్చేవాడూ మద్యం పోసేవాడూ ఇద్దరూ నమ్మినవాడికి విషమైనా ఇవ్వగలరు, ఔషధమైనా ఇవ్వగలరు, కాబట్టి ద్రోహం చెయ్యకూడదన్నది ఆ కథలోని నీతి.

ఇందులో మెచ్చదగినది లేదని నేను అనను. ఎదుటివాడి దుఃఖాన్ని శ్రద్ధగా వినడం గొప్ప గుణం. ఉపన్యాసాలకు అలవాటు పడిన మన ప్రగతివాదులకు ఆ గుణం కొంత తక్కువే. పనిలో నైపుణ్యాన్ని గౌరవించడమూ మంచిదే. కాని ఒక ప్రశ్న ఉన్నది. ర్యూ ముందు కూర్చునేవాడు ఎవడు? ఆ కుర్చీ ఖరీదు ఎంత? కుర్చీ ఖరీదు ఇవ్వలేనివాడి దుఃఖానికి ఏ గ్లాసు కలుపుతారు?

గింజా దాకా పోనక్కరలేదు. మనం గోష్ఠి జరుపుకున్న హాలు మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. చైతన్యపురి నుంచి ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా మెట్రో స్తంభాల కింద నడిచి చూడండి. ఒక పక్క కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఇంకో పక్క హాస్టళ్ళ బోర్డులు, మధ్యమధ్య "వైన్స్". ఆ వైన్సు వెనక పర్మిట్ రూము. ఇనుప జాలీలోంచి డబ్బు లోపలికి పోతుంది, క్వార్టరు సీసా బయటికి వస్తుంది. ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, కాగితం పొట్లంలో పల్లీలు. నిలబడే తాగాలి. జాలీ వెనక ఉన్నవాడు ఎవరి ముఖమూ చూడడు. చూస్తే వెనక ఉన్నవాళ్ళు ఊరుకోరు. మన ససకురా ర్యూ ఇతడే.

నా పూర్వ విద్యార్థి ఒకడు నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాడు. 2022లో రాష్ట్రంలో 503 గ్రూపు-1 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో కొత్త ప్రకటనతో మళ్ళీ మొదటికొచ్చింది. తండ్రి కౌలు రైతు. ఈ రెండేళ్ళ హాస్టలు ఫీజు ఎవరి రెక్కల కష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఒక సాయంత్రం కొత్తపేట దగ్గర పర్మిట్ రూములోంచి వస్తూ నాకు ఎదురుపడ్డాడు. తల దించుకున్నాడు. టీ తాగుదాం రమ్మన్నాను. కాసేపటికి తానే అన్నాడు: "ఇంటికి పోతే 'నౌకరి ఏమాయె బిడ్డా' అని అడుగుతరు సార్. హాస్టల్ల దోస్తులు 'ఎన్ని మార్కులు' అంటరు. ఆడ ఎవ్వలు ఏం అడగరు సార్. గందుకే పోత."

పాఠకులు ఈ మాటను గమనించాలని నా మనవి. తన దుఃఖాన్ని వినేవాడు అక్కడ దొరుకుతాడని ఈ కుర్రవాడు పోవడం లేదు. ఎవడూ వినడని, అడగడని నమ్మకం ఉండబట్టే పోతున్నాడు. బార్‌టెండరు కథ చెప్పే ఓదార్పు మధ్యతరగతి కల. పర్మిట్ రూము ఇచ్చేది ఓదార్పు కూడా కాదు, ప్రశ్న నుంచి ఒక గంటసేపు సెలవు. ఆ సెలవుకు వాడు ధర చెల్లిస్తున్నాడు.

ఆ ధర ఎవరికి చేరుతుంది? కౌంటరు వెనక అసలు బార్‌టెండరు ఎవరు? మన రాష్ట్రంలో టోకు మద్యం వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉన్నది. చిల్లర దుకాణాలను లాటరీ తీసి ఇస్తారు. 2023లో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు. దుకాణం వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2025లో ఆ రుసుమును 3 లక్షలు చేశారు. ఉద్యోగ ప్రకటన వెయ్యడానికి ఏళ్ళు పట్టిన సర్కారుకు మద్యం లాటరీ వెయ్యడానికి మాత్రం తేదీ తప్పదు. ఒక చేత్తో దుఃఖాన్ని తయారు చేసి, రెండో చేత్తో దాన్ని మరిపించే సరుకు అమ్మే బార్‌టెండరు వేరే దేశంలో ఉంటే ఉండవచ్చు, ఇంత నేర్పు మాత్రం ఉండదు.

"తగిన పానీయాన్ని ఎంచి కలపడం" అనే కళను గూర్చి మిత్రుడు చాలా చెప్పాడు. ఆ కళ కూడా మన దగ్గర ఉన్నది. కల్లు కాంపౌండ్ల లోపలికి వెళ్ళి చూడాలి. చెట్టెక్కి ప్రాణం పణంగా పెట్టే గీత కార్మికుణ్ణి నేను తప్పు పట్టడం లేదు. చెట్లిచ్చే కల్లు తక్కువ, అమ్ముడుపోయే కల్లు ఎక్కువ అయినప్పుడు ఆ తేడాను పూడ్చే కాంట్రాక్టరును గూర్చి మాట్లాడుతున్నాను. అతడు కలిపేది ఏమిటి? క్లోరల్ హైడ్రేటు, డైజీపామ్, అల్ప్రాజోలమ్. ఈ చివరిది ఏమి మందో తెలుసునా? ఆందోళనతో బాధపడే రోగికి డాక్టరు చీటీ రాసి ఇచ్చేది. అంటే రోజంతా మూటలు మోసినవాడి మనసులో ఏమున్నదో కాంట్రాక్టరుకు బాగా తెలుసు. మనిషిని చూసి మందు ఎంచుకునే నేర్పులో ర్యూకు ఏమీ తీసిపోడు! 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది పేదలు వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్ళు పలువురు చనిపోయారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళను నిమ్స్‌లో డయాలసిస్ మీద పెట్టారు. ఆ కల్లులోనూ అల్ప్రాజోలమ్ బయటపడింది. విషమూ ఔషధమూ ఒకే చేతిలో ఉంటాయన్న జపాను నీతికి మన వ్యాఖ్యానం ఇది.

మరి సాహిత్యం మాటేమిటి? మధుపాత్రను మన కవులు ఎరుగనివారు కారు. దువ్వూరి రామిరెడ్డిగారు ఉమర్ ఖయ్యామును పారశీకం నుంచి తెలుగులోకి తెచ్చి "పానశాల" రాశారు. అందమైన పద్యాలు; అందులో నాకు సందేహం లేదు. అయితే అదే చేయి "కృషీవలుడు" కూడా రాసిందని, దుక్కి దున్నేవాడి బతుకును కావ్యవస్తువు చేసిందని మరవరాదు. గురజాడ "కన్యాశుల్కం"లో సారా దుకాణం రంగం ఒకటి ఉన్నది. దుకాణదారు ఉన్నాడు, బైరాగి ఉన్నాడు, హవల్దారు ఉన్నాడు. దేవుళ్ళ గొడవ దగ్గర నుంచి సర్కారు దాకా అన్నీ అక్కడ చర్చకు వస్తాయి. కాని గురజాడ ఆ దుకాణాన్ని గుడి చెయ్యలేదు. మనల్ని అక్కడ కూర్చోబెట్టి నవ్వించాడు, లేపి తీసుకుపోయాడు. ఆడపిల్లలను అమ్ముకునే లోకం దుకాణం బయట అలాగే ఉన్నదని ఒక్క క్షణం కూడా మరవనివ్వలేదు. ఆయన మనుషుల్ని ప్రేమించాడు, వాళ్ళ మత్తును ప్రేమించలేదు. మిత్రుడికీ నాకూ ఉన్న తగాదా అంతా ఇక్కడే ఉన్నది.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. తాగేవాణ్ణి తిట్టడమే ప్రగతి అనుకునేవాళ్ళు మనలో లేకపోలేదు. అది సంఘసంస్కర్తల నీతిబోధే తప్ప వర్గదృష్టి కాదు. చట్టం చేస్తే మత్తు పోతుందనుకోవడమూ భ్రమే. సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చిన "వారుణి వాహిని" పథకం 1980లలో ప్రభుత్వం పెట్టిందే. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినదీ ప్రభుత్వమే. 1997లో ఎత్తివేసినదీ ప్రభుత్వమే. ఇంకొక మాట. బారులో గ్లాసులు అందించే సప్లయరు కూడా కార్మికుడే. అర్ధరాత్రి దాకా నిలబడి, తాగినవాడి తిట్లు భరించి, టిప్పు మీద బతుకుతాడు. అతని నుంచి చిరునవ్వును కూడా జీతంలో భాగంగా పిండుకుంటారు. వచ్చినవాణ్ణి ఓదార్చే అతణ్ణి ఎవరు ఓదారుస్తారు? కథలో ర్యూకు అద్దె బాకీ ఉన్నట్టు ఎవరైనా చూశారా?

ఓదార్పు అక్కరలేదని నేను అనడం లేదు. ఓదార్పులో రెండు రకాలున్నాయని అంటున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రామిరెడ్డిగారు పుట్టిన జిల్లా కూడా అదే. రాత్రిపూట అక్షరాస్యతా కేంద్రంలో లాంతరు ముందు కూర్చుని "సీతమ్మ కథ" వంటి పాఠాలు చదివారు. ఆ పాఠాల్లో అలంకారాలు లేవు, ఛందస్సు లేదు. మొగుడు తాగివచ్చి కొట్టడం తన ఒక్కదాని తలరాత అనుకున్న ప్రతి మనిషీ పక్కనున్న మనిషి ముఖం చూసింది. ఇద్దరి దుఃఖమూ ఒకటేనని తెలిసింది. ఆ తెలియడమే మొదటి ఓదార్పు. వాళ్ళు జిల్లాలో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత పాలకులు దాన్ని ఎలా నీరుగార్చారన్నది వేరే కథ. కాని ఒక పాఠం చదివి మనుషులు లేచి నిలబడ్డారన్నది చరిత్ర. రచయితకు ఇంతకంటే పెద్ద బహుమానం ఏమి కావాలి?

తేడా స్పష్టమే. ఒకటి ప్రతి మనిషికీ వేరే గ్లాసు కలిపి అతని దుఃఖం అతనికే ప్రత్యేకమని నమ్మిస్తుంది. రెండోది గ్లాసు పక్కన పెట్టించి, ఈ దుఃఖం నీ ఒక్కడిది కాదని చూపిస్తుంది. మొదటిది మనిషిని తేలికపరచి, ఎక్కడి నుంచి వచ్చాడో అక్కడికే పంపుతుంది. అందుకే యజమానికి అది ఎప్పుడూ ఇష్టమే.

నేనీ మాటలు గోష్ఠిలోనే చెప్పాను. మిత్రుడు అప్పుడు మంచి ప్రశ్న వేశాడు: "సరే, మీ విద్యార్థికి ఆ రాత్రి మీరేమిచ్చారు?"

టీ ఇచ్చాను. అడిగాను, విన్నాను. అంతకంటే ఎక్కువ ఇవ్వలేకపోయాను, దాన్ని దాచను. కాని 2023 ఆగస్టులో వేలమంది నిరుద్యోగులు పబ్లిక్ సర్వీస్ కమిషను కార్యాలయం ముందు కూర్చున్న రోజున వాడు కూడా వెళ్ళాడు. గ్రూపు-2 పరీక్ష వాయిదా పడింది. అది చిన్న విజయమే. ఉద్యోగం రాలేదు, తండ్రి అప్పూ తీరలేదు. మరునాడు ఫోను చేసినప్పుడు మాత్రం గొంతు వేరుగా ఉన్నది. "మస్తుమంది ఉన్నరు సార్ నాలెక్క," అన్నాడు.

ర్యూ చేతి పానీయం ఏదీ ఆ మాట వాడి చేత అనిపించలేదు. రచయితలారా, అధ్యాపకులారా, మనం కలపవలసింది ద్రవాలను కాదు, మనుషులను. ఆ పని చెయ్యలేని రోజున, కనీసం జాలీ వెనక నిలబడి గ్లాసు నింపకుండా ఉందాం.